రెండు జూన్ 15ల మధ్య

రికార్డు పేరు ఆరంకెలు, అంతే: 061502. అమెరికా వాళ్ల పద్ధతిలో నెల ముందు, తేదీ తర్వాత, ఏడాది చివర. అంటే 2002 జూన్ 15. ఆ రాత్రి సియాటిల్‌లోని షోబాక్స్ హాల్లో బాచ్ అనే బ్యాండ్ వీడ్కోలు కచేరీ చేసింది. దాన్ని 2006లో సీడీగా, డీవీడీగా తెచ్చారు.

చాలా ఏళ్ల తర్వాత కొత్త పాటతో తిరిగొచ్చిన మెటల్‌కోర్ బ్యాండ్లు ఎన్నో ఉన్నాయి. కానీ ఈ రికార్డు విన్నాక మిగతావాటి మీదికి మనసు పోలేదు.

వీడ్కోలు కచేరీ అంటే పాత పాటలు వరసగా వాయించి, దండం పెట్టి దిగిపోవడమే అనుకుంటాం. ఇక్కడ వాళ్లు అప్పటికింకా విడుదల కాని పాటలు కూడా వాయించారు. ‘యాన్ ఆంథాలజీ ఆఫ్ డెడ్ ఎండ్స్’ అనే చిన్న రికార్డు బజారులోకి వచ్చింది ఆ ఏడాది అక్టోబరులో. అప్పటికి బ్యాండే లేదు. చేతినిండా కొత్త సరుకు ఉండగానే దుకాణం మూసేశారన్నమాట. ఆ పాటల్లో ఎక్కడా అలసట వినిపించదు. డేవ్ నడ్సన్ రెండు చేతుల వేళ్లతోనూ గిటార్ మెడ మీదే స్వరాలు కొడుతుంటాడు. కింద బ్రయన్ కుక్ బేస్ గరగరమంటూ నేలను పట్టుకుని ఉంటుంది. టిమ్ లటోనా డ్రమ్స్ లెక్క మార్చిన ప్రతిసారీ డేవ్ వెరెలెన్ అరుపు కూడా ఆ కొత్త లెక్కలోకే వచ్చి పడుతుంది. చివర్లో ‘మ్యాన్ ద రాంపార్ట్స్’. నిదానంగా, బరువుగా సాగి, చివరికి కోరస్‌గా మారే పాట. ముగింపుకి దానికంటే తగింది వాళ్ల దగ్గర మరోటి లేదు.

మెటల్‌కోర్‌కి కొత్తయినవాళ్లకు రెండు మాటలు. హార్డ్‌కోర్ పంక్ వేగాన్నీ కోపాన్నీ, మెటల్ గిటార్ బరువునూ కలిపితే పుట్టిన సంగీతం ఇది. పరుగెత్తుతున్న పాట ఒక్కసారిగా వేగం తగ్గి బరువుగా దిగే చోటును బ్రేక్‌డౌన్ అంటారు. హాల్లో జనం ఎదురుచూసేది దానికోసమే. బాచ్ దీనికి లెక్కల చిక్కు జోడించింది. అందుకే వీళ్లను మ్యాథ్‌కోర్ కింద కూడా చెబుతారు. మన కర్ణాటక కచేరీలో మిశ్రచాపు తాళం వస్తే ఏడు అక్షరాలను చేత్తో వేసుకుంటూ పాటతో నడవొచ్చు. ఇక్కడ చేయి లెక్క అందుకునేలోగానే తాళం ఇంకోటి అవుతుంది. మొదటిసారి గందరగోళం. నాలుగోసారికి ఆ లెక్క ఒంట్లోకి దిగుతుంది.

చరిత్ర క్లుప్తంగా: 1993లో, వాషింగ్టన్ రాష్ట్రం, టకోమాలో మొదలు. 1998లో ‘అమెరికన్ నెర్వోసో’, 1999లో ‘వి ఆర్ ద రోమన్స్’, రెండూ హైడ్రా హెడ్ సంస్థ నుంచి. బ్యాండ్ పోయాక దాని పేరు ఇంకా పెరిగింది. నడ్సన్ మైనస్ ద బేర్ అనే బ్యాండ్‌లో మెత్తటి పాటల వైపు వెళ్లాడు. కుక్ దీజ్ ఆర్మ్స్ ఆర్ స్నేక్స్, రష్యన్ సర్కిల్స్, సూమాక్ బ్యాండ్లలో వాయించాడు. వెరెలెన్ అగ్నిమాపక దళంలో చేరాడు.

ఇరవై ఏళ్ల తర్వాత పాట పుట్టిన తీరే నాకు అన్నిటికంటే నచ్చింది. కోవిడ్ లాక్‌డౌన్‌లో నడ్సన్ తన మొదటి సోలో ఆల్బం చేసుకుంటున్నాడు. రాసిందంతా మెత్తటి సంగీతమే. బయట పరిస్థితి మీద విసుగు, కోపం. బరువైన పాట ఒకటి రాయాలనిపించింది. అలాంటిది రాయాలంటే పాత స్నేహితులకంటే ఎవరున్నారని మిగతా ముగ్గురినీ పిలిచాడు. అలా తయారైన ‘వన్ ట్వంటీ టూ’ 2022 ఆగస్టులో వచ్చింది. ‘వి ఆర్ ద రోమన్స్’ను సార్జెంట్ హౌస్ సంస్థ ఆ ఏడాదే మళ్లీ విడుదల చేసినప్పుడు ఈ పాటను దానికి జతచేశారు.

తిరిగొచ్చే బ్యాండ్ల మీద నాకు అంత నమ్మకం లేదు. ముందు టూర్ ప్రకటిస్తారు, టికెట్లు అమ్ముతారు, కొత్త పాట సంగతి తర్వాత చూద్దామంటారు. చాలాసార్లు ఆ తర్వాత రానే రాదు. వీళ్ల విషయంలో పాటే ముందు వచ్చింది, వేదిక తర్వాత. పాటలో కూడా పాతికేళ్ల కుర్రాళ్లలా నటించలేదు. లెక్కల గారడీ తగ్గించి బరువును ముందుకు తెచ్చారు. వెరెలెన్ గొంతు ముతకబారింది, ఆ ముతకదనం పాటకు బలమే. ఇంకో పది పాటలు చేసి ఆల్బం నింపాలన్న ఆత్రం కూడా పడలేదు. ఒక్క పాటతో ఆగారు. ఆ నిగ్రహానికి నేను అభిమానిని.

పాట తర్వాత కచేరీలు మొదలయ్యాయి. 2024లో అవీ ముగిశాయి. చివరి రెండు రాత్రులు జూన్ 14, 15, హాలు షోబాక్స్. ఇరవై రెండేళ్ల కిందట వీడ్కోలు చెప్పిన చోటే, అదే తేదీన. ఈసారీ చివరి కచేరీలని ముందే చెప్పి మరీ వాయించారు.

ఆ హాలు కథ

సియాటిల్ వెళ్లిన మనవాళ్లు పైక్ ప్లేస్ మార్కెట్ చూడకుండా రారు. అక్కడ స్థిరపడ్డ పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నల ఫొటోల్లో ఆ మార్కెట్ బోర్డు ఉండాల్సిందే. ఆ మార్కెట్‌కి ఎదురుగా, ఫస్ట్ అవెన్యూలో ఉంది షోబాక్స్. 1939లో తెరిచారు. 2018లో దాన్ని కూల్చి 44 అంతస్తుల భవనం కట్టే ప్రతిపాదన వస్తే సంగీతకారులూ ఊరి జనమూ అడ్డుపడ్డారు. మరుసటి ఏడాది నగర వారసత్వ కట్టడంగా గుర్తింపు దక్కింది. కూల్చి ఉంటే, 2024లో ఆ రెండు రాత్రులకు చోటే ఉండేది కాదు.

అన్నీ దేశాలే

‘ఆంథాలజీ’లోని ఆరు పాటలకూ దేశాల పేర్లే, ‘న’ ఉన్నచోట ‘మ’తో: స్పెయిమ్, జపామ్, ఫ్రామ్స్, వియత్మామ్, అఫ్ఘమిస్టామ్, మికరాగ్వా. అన్నిటిలో ‘అఫ్ఘమిస్టామ్’ నెమ్మదైనది, పొడవైనది. అరుపులంటే భయపడే వాళ్లు దానితో మొదలుపెట్టవచ్చు.

మొదట ఏది వినాలి

‘సెయింట్ మాథ్యూ రిటర్న్స్ టు ద వూమ్’, తర్వాత ‘మ్యాన్ ద రాంపార్ట్స్’, వెంటనే ‘వన్ ట్వంటీ టూ’. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఈ వరసలోనే.