కోసిన మామిడికాయలో వేడి

చెట్టు నుండి కోసిన మామిడికాయకు ప్రాణము పోదు. అది శ్వాసించుచునే యుండును. తనలోని పిండిపదార్థమును చక్కెరగా మార్చుకొనును. ఆ చక్కెరలో కొంత ప్రాణవాయువుతో కలసి బొగ్గుపులుసు వాయువుగను, నీరుగను మారును. పొయ్యిలో కట్టె మండునపుడు జరుగునదియు ఇదియే. కాయలో మంట లేకుండ మెల్లగా జరుగును. 1 గ్రాము ద్రాక్ష చక్కెర ఇట్లు ఖర్చయినచో సుమారు 3,700 కేలరీల శక్తి వెలువడును. 100 గ్రాముల నీటిని 37 డిగ్రీల మేర వేడెక్కించుటకు అది చాలును. ఈ శక్తిలో అధికభాగము వేడిగనే బయటపడును.

ఏలూరు జిల్లా నూజివీడు ప్రాంతమున బంగినపల్లి, చిన్నరసము, పెద్దరసము కోతకు వచ్చునది నిండు వేసవిలో. మిట్టమధ్యాహ్నము కోసిన కాయలను అట్లే గుట్ట పోసిన నేమగును? వేడి 10 డిగ్రీలు పెరిగినచో శ్వాసవేగము ఇంచుమించు రెట్టింపగును, ఒక్కొక్కప్పుడు అంతకు మించును. వేగము హెచ్చినకొలది వేడి హెచ్చును. ఆ వేడి మరల వేగమును హెచ్చించును. గుట్ట పైకాయలు గాలికి చల్లబడును గాని, నడుమ కాయల వేడికి దారి లేదు. చేయి దూర్చి చూచిన తెలియును. మండీకి చేరకముందే మెత్తబడునవి ఆ నడుమ కాయలే.

వరిగడ్డి పోచల నడుమ గాలి కదలక నిలుచును. కదలని గాలి వేడిని పోనీయదు. మాగవేయునపుడు ఇది మేలే. కాయ తానుగా విడుచు ఇథిలీన్ వాయువును కూడ గడ్డి నిలిపియుంచును. (మన పెద్దలకు ఆ వాయువు పేరు తెలియదు గాని, దాని పని తెలియును.) దూరప్రయాణపు కాయలపై గడ్డి మందముగా కప్పుట మాత్రము నష్టము.

కావున ఉదయపు చల్లదనములో చిక్కముతో, తొడిమ కొంత ఉంచి కోయవలెను. సొన కారి మచ్చలు పడవు. కాయలను నీడలో పలుచగా పరచి, చుట్టును తడిగోనెలు వ్రేలాడదీయవలెను. 1 గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కేలరీల వేడిని లాగుకొనును. గాలి ఆడని కొట్టములో ఈ ఉపాయము పనిచేయదు.

తొందరపడి కార్బైడు పొట్లములు పెట్టువారున్నారు. కాయల చెమ్మ తగిలినంతనే కార్బైడు వేడెక్కి, ఎసిటిలీన్ వాయువును విడిచి, సున్నముగా మిగులును. 1 కిలో శుద్ధమైన కార్బైడు నుండి సుమారు 350 లీటర్ల వాయువు వచ్చును. అది మండు స్వభావము గలది. బజారు కార్బైడులో ఆర్సెనిక్, భాస్వరముల విషపు జాడలు కూడ ఉండును. తోలు పసుపెక్కును గాని కండకు రుచి రాదు. పండ్లు మాగవేయుటకు దీనిని 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు నిషేధించినవి. గాలిలో పదిలక్షల పాళ్లకు 100 పాళ్లు మించకుండ ఇథిలీన్ వాయువు వాడుటకు 2016లో అనుమతి వచ్చినది.

అయితే లేత కాయకు ఏ వాయువును తీపి తేజాలదు. తీపిగా మారవలసిన పిండి అందులో చాలినంత లేదు. ముదిరిన కాయ సాంద్రత సాధారణముగా నీటికంటె కొంచెము హెచ్చు. కోతకు ముందు చెట్టుకు నాలుగు కాయలు తెంపి తొట్టినీటిలో వేసి చూడుడు. మునిగినచో కోయవచ్చును, తేలినచో కొన్ని దినములు ఆగవలెను.