స్టాల్ కబురు ముందే అందుతుందా?

నీరు పల్లమెరుగు అంటాం. గాలీ అంతే, ఒత్తిడి తక్కువున్న వైపుకే పరుగెడుతుంది. జెట్ ఇంజిన్‌లోని యాక్సియల్ కంప్రెసర్ దాన్ని బలవంతంగా ఎదురెక్కిస్తుంది. తొలినాటి కంప్రెసర్లు ఎందుకు విఫలమయ్యాయో 1926లో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో ఎ.ఎ. గ్రిఫిత్ తేల్చారు: వాటి బ్లేడ్లు స్టాల్ అయిన స్థితిలోనే, అంటే గాలి తమను అంటిపెట్టుకోకుండా విడిపోయిన స్థితిలోనే, తిరుగుతున్నాయి. బ్లేడును విమానం రెక్కలా మలచాలన్నారు. మలిచాక యంత్రం పనికొచ్చింది గానీ, స్టాల్ పీడ పోలేదు.

లోపలికొచ్చే గాలి తగ్గితే బ్లేడును అది తాకే కోణం పెరుగుతుంది. ఒకచోట గాలి బ్లేడు నుంచి విడిపోయి దారి మూసుకుంటుంది. పక్కకు మళ్లిన గాలి ఒకవైపు బ్లేడును కూడా స్టాల్ చేసి, రెండోవైపు బ్లేడుకు ఊరటనిస్తుంది. అలా ఆ మూత, రోటర్ కన్నా నెమ్మదిగా, కంప్రెసర్ చుట్టూ తిరుగుతుంటుంది. ముదిరితే సర్జ్: గాలి వెనక్కి తన్నుతుంది. ఆ భయంతోనే ఇంజిన్‌ను స్టాల్ మొదలయ్యే హద్దుకు దూరంగా నడుపుతారు. ముందస్తు హెచ్చరిక దొరికితే ఆ దూరం తగ్గించుకోవచ్చు.

1986లో మూర్, గ్రైట్జర్‌ల సిద్ధాంతం ఆశ రేపింది. స్టాల్‌కు ముందు గాలి ప్రవాహంలో కంప్రెసర్ చుట్టుకొలతంత పొడవైన చిన్న అల మెల్లగా పెరుగుతుందని అది చెప్పింది. 1990లో కేంబ్రిడ్జ్ ప్రయోగాల్లో ఆ అల నిజంగానే కనిపించింది. దాన్ని పసిగట్టి అణచివేయవచ్చని ఎందరో ఉత్సాహపడ్డారు.

1993లో అదే కేంబ్రిడ్జ్‌లో ఐవర్ డే మరో రకం పుట్టుకను బయటపెట్టారు. స్పైక్ అనే ఆ కుదుపు రెండు మూడు బ్లేడ్ల సందులంతే ఉంటుంది. నాలుగైదు చుట్లలో పూర్తి స్టాల్‌గా మారుతుంది. నిమిషానికి 10,000 చుట్లు తిరిగే రోటర్‌కు అయిదు చుట్లంటే 30 మిల్లీసెకన్లే! అల కోసం కాచుకున్నవాళ్లకు ఇక్కడ అలే లేదు.

అప్పుడు చూపు బ్లేడు కొసల మీదికి మళ్లింది. బ్లేడ్ల చుట్టూ ఉండే తొడుగులో, అంటే కేసింగ్‌లో, సెన్సర్ పెట్టి, ఒక్కో బ్లేడు దాటినప్పటి ఒత్తిడి గీతను దాని కిందటి చుట్టు గీతతో పోల్చారు. హద్దు దగ్గరపడేకొద్దీ గీతలు చెదురుతాయి. ఎంత చక్కటి ఆలోచన! కానీ 2013లో యంగ్, డే, పుల్లన్‌లు దాని బలహీనత చూపారు. బ్లేడు కొసకూ కేసింగ్‌కూ మధ్య ఖాళీ తక్కువగా, సమానంగా ఉంటే గీతలు చెదిరేది స్వల్పమే. ఖాళీ పెరిగితే ఆ చెదురుబాటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. ప్రతిపాదనను కూల్చిన ఈ ఫలితమే నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా విలువైనది. ఎందుకంటే ఆ ఖాళీ ప్రతి ప్రయాణంలోనూ మారుతుంది, ఇంజిన్ అరిగేకొద్దీ ఇంకా మారుతుంది. కొత్త ఇంజిన్‌కు పెట్టిన హెచ్చరిక గీటు పాత ఇంజిన్‌కు చెల్లదు.