వాసన వస్తే క్లీన్ అయినట్టేనా?

పోయిన సెలవుల్లో అమ్మమ్మ ఎల్బీనగర్‌లో ఒక ఆస్పత్రి ఐసీయూలో పదకొండు రోజులు ఉంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి రోజూ మెట్రోలో వెళ్లేవాణ్ని. ఒకరోజు పక్క బెడ్ పేషెంట్‌ని సడన్‌గా వేరే గదికి మార్చేశారు. సిస్టర్‌ని అడిగితే, "క్యాండిడా ఆరిస్ అంట బాబూ, మందులకి లొంగట్లేదు" అంది. ఆయమ్మ ఆ బెడ్‌ని తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టేసింది. ఫినాయిల్ వాసన గుప్పుమంది. హమ్మయ్య అనుకున్నా. ఆ రాత్రి చదివాక ఆ హమ్మయ్య పోయింది.

ఇది ఒక ఈస్ట్. 2009లో జపాన్‌లో ఒక పేషెంట్ చెవిలో దొరికింది, లాటిన్‌లో ఆరిస్ అంటే చెవి. మన దేశంలో 2013లో ఢిల్లీ డాక్టర్లు రిపోర్ట్ చేశారు. మామూలుగా వాడే ఫ్లూకోనజోల్ దీనిమీద చాలాసార్లు పనిచేయదు. 2021లో మన కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిలో ట్రీట్ చేసిన బ్లాక్ ఫంగస్ గుర్తుందిగా? అది మనిషి నుంచి మనిషికి అంటదు. ఇది అంటుకుంటుంది. బెడ్ రెయిల్ మీద, బీపీ కఫ్ మీద వారాల తరబడి బతుకుతుంది. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో ఒక ఐసీయూలో అయితే చంకలో పెట్టే టెంపరేచర్ ప్రోబ్‌ల ద్వారా పాకింది. అవి తీసేశాకే కేసులు తగ్గాయి.

మరి దేనికి చస్తుంది? చాలా ఫ్లోర్ క్లీనర్లలో ఉండే క్వాటర్నరీ అమ్మోనియం రకాలు ఒక్కటే వాడితే నమ్మకం లేదు. క్లోరిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ నయం. క్లోరిన్ అయితే 1000 పీపీఎం కావాలి, అంటే 5 శాతం హైపోక్లోరైట్ 20 మి.లీ. తీసుకుని, నీళ్లు కలిపి లీటరు చేయాలి. ఏరోజుది ఆరోజే కలుపుకోవాలి, నిలవుంటే పవర్ తగ్గిపోతుంది. ముందు మురికి, రక్తం కడగాలి, లేకపోతే క్లోరిన్ అంతా వాటికే ఖర్చయిపోతుంది. (బాత్రూమ్ యాసిడ్‌తో మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది.) అన్నిటికంటే ముఖ్యం టైమ్. లేబుల్ మీద రాసినన్ని నిమిషాలు ఆ చోటు తడిగానే ఉండాలి. వెంటనే తుడిచేయడమంటే ప్రోగ్రామ్ రన్ అవుతుండగానే కంట్రోల్-సి కొట్టినట్టు.

చేతులకి ఆల్కహాల్ రబ్ బాగానే పనిచేస్తుంది, కంటికి కనిపించే మురికి లేకపోతే. క్లోర్‌హెక్సిడిన్‌తో రోజూ ఒళ్లు తుడిచినా, చర్మం మీద స్థిరపడ్డ ఆరిస్ పూర్తిగా పోదు. అందుకే ఆ పేషెంట్‌ని విడిగా పెట్టారు.

డిశ్చార్జ్ రోజు ఆయమ్మని అడిగా, "కాసేపు తడిగా వదిలేయొచ్చు కదా ఆయమ్మా?" అని.

"తడి కనిపిస్తే తిడతారు బాబూ. ఇంకా పద్నాలుగు బెడ్లున్నయి, నేనొక్కదాన్నే" అంది, బకెట్ పట్టుకుని పోతూ.