గోదావరికి రెండు ఒడ్లు – యుద్ధం మాత్రం ఒక్కటే

భద్రాచలం రేవులో నిలబడి చూస్తే గోదావరి అవతలి ఒడ్డు కనబడుతుంది. ఇప్పుడు మధ్యలో వంతెన ఉంది. బస్సెక్కితే కాసేపట్లో దాటేస్తాం. కానీ 1860 నుంచి 1947 దాకా ఈ రెండు ఒడ్లూ ఇద్దరు ప్రభువుల కింద ఉండేవి. భద్రాచలం వైపు ఇంగ్లీషువాళ్ళ పాలన. బూర్గంపహాడు, పాల్వంచ, ఖమ్మం వైపు నిజాం పాలన.

ప్రభువులు వేరు. పన్నులు వేరు. అయినా యుద్ధం వస్తే రెండు ఒడ్లూ ఒకే యుద్ధంలో చిక్కుకునేవి. ఎక్కడో వేల మైళ్ళ దూరంలో పుట్టిన కొట్లాట ఇక్కడిదాకా ఎట్లా వచ్చింది?

గట్టు తగాదా

ఊళ్ళో రెండు ఇళ్ళ మధ్య పొలం గట్టు తగాదా వచ్చిందనుకోండి. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే పొద్దుగూకేసరికి తీరిపోతుంది. కానీ ఒకరి వెనక వియ్యాలవారు, ఇంకొకరి వెనక బావమరుదులు కర్రలు పట్టుకొని వస్తే? వాళ్ళకు ఆ గట్టుతో పని లేదు. "ఆపద వస్తే మేమున్నాం" అని మాట ఇచ్చారు. అందుకే వచ్చారు. ఒక్క గట్టు కోసం ఊరు రెండు ముక్కలవుతుంది.

దేశాలూ అంతే. ఇట్లాంటి మాటను కాగితం మీద రాసుకుంటే దాన్ని ఒడంబడిక అంటారు. ఒడంబడిక ఒక్కోసారి కాపాడుతుంది. తోడు ఉన్నవాడి జోలికి శత్రువు తొందరగా రాడు. ఒక్కోసారి అదే ఒడంబడిక మనది కాని యుద్ధంలోకి మనల్ని లాగుతుంది.

నిజాం రాసిన కాగితం

1798లో నిజాం ఇంగ్లీషువాళ్ళతో ఒక ఒడంబడిక చేసుకున్నాడు. ఇంగ్లీషు సైన్యం హైదరాబాదులో ఉంటుంది. దాని ఖర్చు నిజాం పెట్టుకోవాలి. మరుసటి ఏడాదే ఇంగ్లీషువాళ్ళు మైసూరు టిప్పు సుల్తాను మీద యుద్ధానికి వెళ్ళారు. నిజాం సైన్యం కూడా వెంట వెళ్ళింది. 1800లో సైన్యం ఖర్చు కింద కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలు ఇంగ్లీషువాళ్ళకు పోయాయి.

1857లో ఇంగ్లీషువాళ్ళ మీద పెద్ద తిరుగుబాటు వచ్చింది. నిజాం వాళ్ళ పక్షానే నిలబడ్డాడు. 1860లో కొత్త ఒడంబడిక రాసుకున్నారు. నిజాం బాకీ కొట్టేశారు. కొన్ని ప్రాంతాలు తిరిగి ఇచ్చారు. బదులుగా గోదావరి ఎడమ ఒడ్డు తీసుకున్నారు. అట్లా భద్రాచలం ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. అక్కడి జనాన్ని ఎవరూ అడగలేదు.

ఒక హత్య, అయిదు వారాలు

1914 జూన్ 28న ఐరోపాలోని సరయేవో నగరంలో ఆస్ట్రియా యువరాజును, ఆయన భార్యను కాల్చి చంపారు. ఆస్ట్రియా కోపం సెర్బియా మీద పడింది. జవాబు చెప్పడానికి 48 గంటలే గడువు ఇచ్చింది. జవాబు వచ్చినా తృప్తిపడలేదు. యుద్ధం ప్రకటించింది.

సెర్బియాకు రష్యా అండ. ఆస్ట్రియాకు జర్మనీ తోడు. రష్యాకు ఫ్రాన్సు తోడు. ఫ్రాన్సు మీదికి పోవడానికి జర్మనీ బెల్జియంలోకి దిగింది. బెల్జియం జోలికి ఎవరూ పోకూడదని 1839 నాటి ఒడంబడిక ఒకటి ఉంది. అది చూపించి ఆగస్టు 4న ఇంగ్లండు కూడా యుద్ధంలో దిగింది.

ఇంగ్లండు దిగితే మన దేశమూ దిగినట్టే. మిత్రుడు కాబట్టి నిజామూ దిగాడు. నిజాం గుర్రపు దళం ఈజిప్టు, పాలస్తీనా దాకా వెళ్ళింది. మొత్తం పది లక్షల మందికి పైగా భారతీయులు సముద్రం దాటి వెళ్ళారు. అరవై వేల మందికి పైగా తిరిగి రాలేదు. 1918లో నిజాంకు "నమ్మకమైన మిత్రుడు" అనే బిరుదు దక్కింది. కొడుకులు పోయిన తల్లులకు బిరుదులతో పనేముంది?

మళ్ళీ అదే కథ

1939 సెప్టెంబరు 3న వైస్రాయి మన దేశం యుద్ధంలో ఉన్నదని ప్రకటించాడు. మన నాయకులను ఒక్క మాట కూడా అడగలేదు. 1940లో జర్మనీ, ఇటలీ, జపాను ఒడంబడిక చేసుకున్నాయి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. రంగూనులో పని చేసుకుంటున్న తెలుగువాళ్ళు ప్రాణాలు అరచేత పెట్టుకొని తిరిగి వచ్చారు. బర్మా బియ్యం ఆగిపోయింది. ధరలు పెరిగాయి. యుద్ధం వంటింటి దాకా వచ్చింది.

ఇంగ్లీషువాళ్ళు 1947లో వెళ్ళిపోయారు. భారత ప్రభుత్వం, నిజాం ఆ ఏడాది నవంబరు 29న ఒక ఏడాదికి ఒప్పందం రాసుకున్నారు. దాన్ని తప్పింది నువ్వంటే నువ్వని తగాదా పడ్డారు. రజాకార్లు ఊళ్ళ మీద పడ్డారు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. 17న నిజాం లొంగిపోయాడు. నూటయాభై ఏళ్ళు తాము నమ్ముకున్న మిత్రుడు ఆ రోజు రాలేదు.

కాగితం చదవాలి

ఆ ఒడంబడికల్లో ఏం రాసి ఉందో అప్పటి జనానికి తెలియదు. చాలామందికి చదువు లేదు. ఉన్నా అడిగే హక్కు లేదు. ఈ రోజు మీకు అక్షరం ఉంది, ఓటూ ఉంది. పేపరులో "రెండు దేశాల ఒప్పందం" అనే వార్త కనబడితే దాటేసి పోకండి. ఈ మూడు ప్రశ్నలు అడగండి:

ఎవరి మాట మీద ఎవరు యుద్ధానికి పోవాలి?

మాట్లాడుకోవడానికి గడువు ఉందా?

ఖర్చు ఎవరిది? పోయేది ఎవరి బిడ్డ?