బియర్డెడ్ డ్రాగన్‌కు రాత్రి వెచ్చదనం ఎలా?

ఆస్ట్రేలియా ఎడారి తొండ బియర్డెడ్ డ్రాగన్‌ను అమెరికా, బ్రిటన్‌లలో కూడా చాలామంది ఇళ్లలో పెంచుకుంటారు. మనలా ఒంట్లోనే వేడి పుట్టించుకోవడం దానికి రాదు. పగలు దీపం కింద, సుమారు 40 డిగ్రీల వేడిలో ఒళ్లు కాచుకుంటుంది. ఆ వేడి అందకపోతే తిన్న పురుగులు కూడా సరిగ్గా అరగవు.

మరి రాత్రంతా దీపం వేసి ఉంచితే? వద్దు! ఎడారిలోనూ రాత్రి చల్లబడుతుంది, చీకటి పడుతుంది. పైగా ఈ తొండ నడినెత్తిన చిన్న చుక్కలాంటి మూడో కన్ను ఉంటుంది. దానితో ఆకారాలు కనిపించవు గానీ వెలుతురు తెలుస్తుంది. అందుకే రాత్రిపూట ఎర్ర బల్బు కూడా మంచిది కాదు.

గది 18 డిగ్రీలకన్నా చల్లబడకపోతే, ఆరోగ్యంగా ఉన్న పెద్ద తొండకు రాత్రి హీటర్ అక్కర్లేదు. అంతకన్నా చలిగా ఉంటే వెలుగు లేకుండా వేడినిచ్చే సిరామిక్ హీటర్ పెట్టాలి. ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడెక్కుతుందది. కాబట్టి దాని చుట్టూ ఇనుప జాలీ, వేడి హద్దు దాటగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ తప్పనిసరి. హోల్డర్ పింగాణీదే ఉండాలి, ప్లాస్టిక్‌దైతే కరిగిపోతుంది. కరెంటుతో వేడెక్కే రాళ్లు మాత్రం అసలు వద్దు. పొట్ట కాలుతున్నా తొండ వాటి మీద నుంచి లేవకుండా అలాగే పడుకోవచ్చు.