తాళం చేతికొచ్చింది.. పాలసీ చదివారా?

ఆదివారం పూట బోయకొండ గంగమ్మ గుడి దగ్గర కొత్త కార్లు కంటపడకుండా ఉండవు. బానెట్‌ మీద పసుపు కుంకుమ, అద్దానికి చామంతుల మాల, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. హారతి అయ్యాక బండి మెల్లగా ముందుకు కదులుతుంది. నిమ్మకాయలు చిట్లుతాయి. ఇంటిల్లిపాదీ ఎక్కి కూర్చుంటారు. మదనపల్లె, పుంగనూరు వైపు కారు కొన్నవాళ్లలో చాలామంది మొదటి ప్రయాణం ఇక్కడికో, కాణిపాకానికో పెట్టుకుంటారు. ఆ కారులోనే, ఎడమ సీటు ముందున్న అరలో, షోరూమ్‌వాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్‌ ఫైలు ఉంటుంది. అందులో రసీదులు, సర్వీసు పుస్తకం, వాటి అడుగున బీమా పాలసీ. దాన్ని ఒక్కసారైనా తీసి చదివినవాళ్లు ఎందరు?

నేనూ పద్దెనిమిది రోజులు తియ్యలేదు. ఒక సాయంత్రం భోజనాల బల్ల మీద పాలసీనీ ఆర్సీనీ పక్కపక్కన పెట్టి, స్కేలు ఆనించి, అక్షరం తరవాత అక్షరం చూసుకుంటూ వచ్చాను. ఛాసిస్‌ నంబరులో పన్నెండో చోట సున్నా ఉండాలి. పాలసీలో అక్కడ ఇంగ్లిష్‌ అక్షరం ‘ఓ’ ఉంది. నా పేరులో ఇంటిపేరు చివరికి వెళ్లింది. నామినీ గడి ఖాళీ.

ఛాసిస్‌ నంబరు గురించి ప్రతి యజమానికీ తెలియాల్సిన సంగతి ఒకటుంది. అందులో అంకెలూ అక్షరాలూ కలిపి పదిహేడు ఉంటాయి. ‘ఐ’, ‘ఓ’, ‘క్యూ’ అనే మూడక్షరాలను అందులో వాడనే వాడరు. ఒకటితోనూ సున్నాతోనూ కలిసిపోతాయని ప్రపంచమంతటా పెట్టుకున్న నియమం అది. కాబట్టి మీ పాలసీలో ఆ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా, పక్కన ఆర్సీ లేకపోయినా సరే, అది తప్పని చెప్పేయొచ్చు. మొదటి మూడు గుర్తులు తయారీదారువి. మారుతి సుజుకి కార్లలో చాలావాటికి ‘ఎంఏ3’, హ్యుందయ్‌కి ‘ఎంఏఎల్‌’, టాటాకి ‘ఎంఏటీ’, మహీంద్రాకి ‘ఎంఏ1’. కాగితాన్ని నమ్మనక్కర్లేదు. బండి మీద నంబరు చెక్కిన చోటు చూసి, పల్చటి కాగితం పరిచి, పెన్సిల్‌ అడ్డంగా పట్టుకుని రుద్దితే అంకెలు తెల్లగా పైకి తేలతాయి. నేను అలాగే తీశాను. పన్నెండోది సున్నానే.

ఏజెంటుకు ఫోన్‌ చేశాను. కుర్రాడు మంచివాడు, కష్టపడేవాడు. “అదేం కాదులేన్నా, ఒక్కక్షరమే కదా. క్లెయిమప్పుడు చూసుకుందాం” అన్నాడు.

ఈ కథనం రాయడానికి కారణం ఆ మాటే. పాలసీలో తప్పు దిద్దుకోవడానికి క్లెయిమంత చెడ్డ సమయం ఇంకొకటి లేదు. బండి ఇంటి ముందు చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు ఆ తప్పు టైపు చేసినవాళ్ల పొరపాటు. ముందు భాగం నుజ్జయి గ్యారేజీలో పడ్డాక అదే తప్పు అనుమానం అవుతుంది. సర్వేయరు వచ్చి బండి మీది నంబరు, పాలసీ మీది నంబరు సరిచూస్తాడు. రెండూ కలవకపోతే ఫైలు పక్కకు వెళ్తుంది. అప్పుడు మనం పంపే ప్రతి వివరణా డబ్బు కోసం చెప్పే మాటలాగే వినిపిస్తుంది.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. మన బండి వల్ల దెబ్బతిన్న ఎదుటివాళ్లకు చట్టం చాలావరకు కాపు కాస్తుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో సెక్షన్‌ 146 థర్డ్‌ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది. ఏయే కారణాలు చూపి కంపెనీ బాధితుడికి ఎదురు నిలవొచ్చో సెక్షన్‌ 150 హద్దు గీసింది. స్పెల్లింగ్‌ తప్పు ఆ కారణాల్లో లేదు. ఇబ్బందంతా మన సొంత బండికి జరిగే నష్టం దగ్గరే. అది పూర్తిగా మనకూ కంపెనీకీ మధ్య ఒప్పందం. రాసుకున్న మాటే ఆధారం.

తప్పులన్నిట్లోకీ ఎక్కువగా దొర్లేది పేరు. మన పేర్లకూ కంప్యూటరు ఫారాలకూ పొత్తు కుదరదు. ఇంటిపేరు ముందు, అసలు పేరు తరవాత మన వరస. ఫారంలో ‘ఫస్ట్‌ నేమ్‌’, ‘లాస్ట్‌ నేమ్‌’ అని రెండు గడులు. తిరుమల కొండ నీడనున్న మా వైపు ఊరికి పదిమంది వెంకటరమణలుంటారు. ఒక వెంకటరమణకు పాన్‌ కార్డులో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి పేరు, ఆర్సీలో అసలు ఇంటిపేరే లేకపోవచ్చు. రెడ్డి, నాయుడు ఒకచోట పేరుకు అతుక్కుని, ఇంకోచోట విడిపోయి లాస్ట్‌ నేమ్‌ గడిలో కూర్చుంటాయి. కుప్పం వైపు వెళ్తే ఇంకో చిక్కు. తమిళనాడు పద్ధతిలో తండ్రి పేరు మొదటి అక్షరాన్ని ఇనిషియల్‌గా పెట్టుకునేవాళ్లు అక్కడ కనిపిస్తారు. ఆ పొడి అక్షరాన్ని ఎవరో పూర్తి పేరుగా విప్పి లాస్ట్‌ నేమ్‌ గడిలో నింపితే, కొడుకు పాలసీలో తండ్రి పేరు వచ్చి చేరుతుంది. ఇవేవీ మోసాలు కావు. మన పేర్లు పెట్టుకునే తీరును ఎరగనివాళ్లు తయారుచేసిన ఫారాలు. కానీ దిద్దించుకునే భారం మన మీదే పడింది. బీమాకు సంబంధించినంతవరకు ఒక్క సూత్రం పట్టుకుంటే చాలు: ఆర్సీలో ఎలా ఉంటే పాలసీలో అలాగే ఉండాలి. ఆర్సీలోనే తప్పుంటే ముందు రవాణా శాఖ దగ్గర అది దిద్దించుకుని, ఆ తరవాత పాలసీ సంగతి చూడాలి.

ఊరి పేరు గురించి అంత కంగారు అక్కర్లేదు. మదనపల్లె, మదనపల్లి.. పుంగనూరు, పుంగనూర్‌.. ఏది రాసినా ఊరొకటే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది, పుంగనూరు, కుప్పం చిత్తూరులో ఉండిపోయాయి. జిల్లా పేరు పాతదే పడినా కొంప మునగదు. పిన్‌కోడ్‌, ఫోన్‌ నంబరు మాత్రం సరిగా ఉండాలి. కంపెనీ పంపే ప్రతి కబురూ వాటికే వస్తుంది. చాలామంది పాలసీల్లో ఏజెంటు ఫోన్‌ నంబరు, ఏజెంటు ఈమెయిలే ఉంటాయి. ఇది నన్ను నిజంగా బాధపెట్టే అలవాటు. మన ఒప్పందానికి సంబంధించిన ఉత్తరాలు ఇంకొకరి ఫోన్లో పడుతుంటాయి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ 42వ నంబరు జాతీయ రహదారి మీదే ఉన్నాయి. అటు అనంతపురం వైపు నుంచి ఇటు క్రిష్ణగిరి దాకా వెళ్లే దారి అది. పలమనేరు దాటాక అడవి ఏనుగులు రోడ్డు మీదికొచ్చే ప్రాంతం. సొంత బండికి బీమా ఎందుకని అడిగేవాళ్లు ఆ దారిన ఒక రాత్రి ప్రయాణం చేస్తే చాలు. కుప్పం చేరేసరికి కర్ణాటక, తమిళనాడు రెండూ చేతికందే దూరంలో ఉంటాయి. అందుకే అక్కడి వీధుల్లో కేఏ, టీఎన్‌ నంబర్లు ఏపీ నంబర్ల పక్కనే కనిపిస్తాయి. బెంగళూరులో సెకండ్‌హ్యాండ్‌ కారు కొని తెచ్చుకోవడం ఈ మూడు ఊళ్లకూ అలవాటే. పాలసీ తప్పుల్లో ఎక్కువ నష్టం తెచ్చేవి ఈ బండ్లవే.

అమ్మినాయన “ఇన్సూరెన్స్‌ ఇంకా ఎనిమిది నెలలుంది” అని పాలసీ చేతికిస్తాడు. కొన్నవాళ్లు నిశ్చింతగా ఉంటారు. సెక్షన్‌ 157 ప్రకారం బండి చేతులు మారితే థర్డ్‌ పార్టీ బీమా దానితో పాటే కొత్త యజమానికి వస్తుంది. పాలసీలో పేరు మార్చమని పద్నాలుగు రోజుల్లో కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవాలి. సొంత నష్టానికి ఇచ్చే రక్షణ మాత్రం అలా దానంతట అది రాదని కంప్లీట్‌ ఇన్సులేషన్స్‌ కేసులో సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అంటే పాత పేరున్న పాలసీతో తిరుగుతూ కారు గుద్దుకుంటే, మరమ్మతు ఖర్చు మన జేబులోంచే.

ఇంకొకటి నో క్లెయిమ్‌ బోనస్‌. క్లెయిము లేని ఏడాదికి 20 శాతంతో మొదలై 25, 35, 45, చివరికి 50 శాతం దాకా సొంత నష్టం ప్రీమియంలో తగ్గింపు ఇస్తారు. అది బండికి వచ్చేది కాదు, మనిషికి వచ్చేది. అమ్మినాయన 50 శాతం ఆయనతోనే వెళ్లిపోతుంది. కొన్నవాళ్లు ఆ తేడా కట్టాలి. ప్రీమియం తక్కువగా చూపించాలని ఏజెంటు ఆ గడిలో 50 నొక్కేసిన పాలసీలు ఉంటాయి. నాలుగు వేలు మిగిలాయని మనం సంతోషిస్తాం. క్లెయిము పెట్టినరోజు కంపెనీ పాత కంపెనీని అడుగుతుంది, అక్కడ నిజం బయటపడుతుంది. మీ పాలసీలో మీకు హక్కులేని బోనస్‌ కనిపిస్తే, ఎవరు నొక్కారన్నది తరవాత, ఈ రోజే కంపెనీకి రాసి తేడా కట్టేయండి. తప్పుల్లో దీన్ని ఒక్కరోజు కూడా వాయిదా వెయ్యకూడదు.

కర్ణాటక బండి ఏడాదికి మించి ఇక్కడ ఉంటే మన రాష్ట్రంలో మళ్లీ రిజిస్ట్రేషన్‌ చేయించాలి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39తో మొదలైన ఒకే సిరీస్‌ కాబట్టి, ఏపీ 03 చూసి చిత్తూరు బండి అని గుర్తుపట్టే రోజులు కొత్త కార్లకు పోయాయి. నంబరు మారిన రోజే పాలసీలోనూ మార్పించుకోవాలి. షోరూమ్‌లో కొన్న కొత్త కారుకూ ఇదే పని ఉంటుంది. పాలసీ పుట్టేనాటికి బండికి నంబరే ఉండదు.

ఇంజను సీసీ కూడా చూసుకోండి. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం వెయ్యి సీసీ మించని ప్రైవేటు కారుకు ఏడాది థర్డ్‌ పార్టీ ప్రీమియం 2,094 రూపాయలు, 1,500 సీసీ దాకా 3,416. కొత్త కారుకు మూడేళ్లకు కలిపి కడితే 6,521, 10,640. 998 సీసీ బండిని పై తరగతిలో రాస్తే మూడేళ్లకు 4,119 రూపాయలు, దానిపై జీఎస్టీ ఊరికే పోయినట్టే. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు థర్డ్‌ పార్టీ బీమా మూడేళ్లకు తప్పనిసరి. సొంత నష్టం భాగం చాలా పాలసీల్లో ఏడాదికే. ఒకే కాగితం మీద రెండు ముగింపు తేదీలుంటాయి. పెద్ద తేదీ చూసి చిన్న తేదీ మరిచిపోవద్దు.

దిద్దుబాటుకు వాడుకలో ఉన్న మాట ‘ఎండార్స్‌మెంట్‌’. పాలసీని చింపి కొత్తది ఇవ్వరు. ఫలానా చోట ఫలానా బదులు ఫలానా అని చదువుకోవాలంటూ ఒక అనుబంధ పత్రం ఇస్తారు. ఫోన్లో చెబితే సరిపోదు. పాలసీ నంబరు వేసి, తప్పు ఏమిటో, ఒప్పు ఏమిటో రెండు వరసల్లో రాసి, ఆర్సీ నకలు జతచేసి, కంపెనీ ఈమెయిలుకే పంపాలి. ప్రపోజల్‌ ఫారం నకలు కూడా అడగండి, ఉచితంగా ఇవ్వాల్సిందే. మనం సరిగానే చెప్పామా, వాళ్లు తప్పు ఎక్కించారా అన్నది ఆ కాగితమే తేలుస్తుంది. జీవిత బీమాలోలా నచ్చకపోతే నెల రోజుల్లో తిప్పి పంపే వెసులుబాటు కారు పాలసీకి ఉంటుందని కొందరు అనుకుంటారు. అది దీనికి వర్తించదు.

కంపెనీ పలకకపోతే ముందు దాని ఫిర్యాదుల అధికారికి, తరవాత ‘బీమా భరోసా’ పోర్టల్‌లో. ఫోనైతే 155255. హైదరాబాద్‌లోని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నడిపే ఏర్పాటు అది. అక్కడా తేలకపోతే హైదరాబాద్‌లోనే ఇన్సూరెన్స్‌ అంబుడ్స్‌మన్‌ ఉన్నారు, ఆంధ్రప్రదేశ్‌ ఆ పరిధిలోకే వస్తుంది. ప్రపోజల్‌లో చెప్పినదానికి భిన్నంగా పాలసీ ఇచ్చారన్నది కూడా ఆయన విచారించే ఫిర్యాదుల్లో స్పష్టంగా ఉంది. రుసుం లేదు, వకీలు అక్కర్లేదు.

“క్లెయిమప్పుడు కాదబ్బా, ఇప్పుడే రాసిచ్చెయ్‌” అని ఆ కుర్రాడికి చెప్పాను. పక్కన కూర్చుని ఇద్దరం ఈమెయిలు రాశాం. తొమ్మిదో రోజు ఎండార్స్‌మెంట్‌ వచ్చింది. ఛాసిస్‌ నంబరు సరిగ్గా ఉంది, పేరు ఆర్సీలో ఉన్నట్టే ఉంది.

నామినీ గడి దగ్గర కాసేపు ఆగాల్సి వచ్చింది. ఓనర్‌ డ్రైవర్‌ ప్రమాద బీమా 15 లక్షలది. యజమానే, లైసెన్సు ఉండి, బండిలో ఉన్నప్పుడు జరగరానిది జరిగితే ఆ డబ్బు నామినీకి వెళ్తుంది. కారు ఒకరి పేరున ఉండి ఇంకొకరు నడిపితే, నడిపినవారికి ఇది రాదు. ఇళ్లల్లో భార్య పేరున కారు కొని భర్త నడుపుతుంటాడు కాబట్టి ఇది తెలిసి ఉండాలి. నేను మా అమ్మ పేరు రాయించాను. వయసు కోసం ఆధార్‌ అడిగితే “నా పేరెందుకురా దాంట్లో?” అంది. ఏదో చెప్పి దాటేశాను. స్పెల్లింగ్‌ మాత్రం ఆమె కార్డు పక్కన పెట్టుకుని రెండుసార్లు చూసి పంపాను.