తాళం మనదే, చెవి గుర్తులేదు!

మొన్న శనివారం కరెంటు బిల్లు కడదామని ఫోను పట్టుకు కూర్చున్నాను. కుక్కర్లో పప్పు ఉడుకుతోంది. మూడో విజిల్ వచ్చేలోపు పనైపోతుందనుకున్నా. పాస్‌వర్డు తప్పంది. మళ్లీ కొట్టాను, మళ్లీ తప్పే. ఇంకోసారి కొట్టేసరికి ఖాతాకి తాళమే పడింది. ఈ గొడవలో విజిల్స్ లెక్క తప్పి పప్పు మాడింది.

సరే, కొత్తది పెట్టుకుందామని అమ్మాయి పేరు కొట్టాను. చాలదట. పెద్దక్షరం కావాలట, అంకె కావాలట, ఏదో గుర్తు కూడా ఉండాలట. అన్నీ అతికించి పెడితే 'ఇది మీ పాతదే, కుదరదు' అంది. పాతది నాకు గుర్తులేదు గానీ దానికి మాత్రం భేషుగ్గా గుర్తుంది!

అసలీ నియమాలు ఎక్కడివో తెలుసా? అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ 'నిస్ట్'లో పనిచేసిన బిల్ బర్ అనే ఆయన 2003లో రాసిన సూచనల్లోంచే చాలావరకు ప్రపంచమంతా పాకాయి. 2017లో ఆయనే, అందులో చాలావాటికి ఇప్పుడు చింతిస్తున్నానని పత్రికవాళ్లతో చెప్పుకున్నాడు. పద్నాలుగేళ్లు మనచేత గుంజీళ్లు తీయించాక! మార్చమన్నప్పుడల్లా మనం చివరి 1ని 2 చేసి ఊరుకుంటాం. ఆ సంగతి దొంగలకీ తెలుసు. అదే ఏడాది ఆ సంస్థా మాట మార్చింది. మెలికలకన్నా పొడుగు ముఖ్యమనీ, బయటపడిందని తెలిస్తే తప్ప మాటిమాటికీ మార్చక్కర్లేదనీ చెప్పింది. అంటే గోంగూర, నిచ్చెన, బామ్మ కళ్లజోడు, రైలు... ఇలా పొంతనలేని మాటలు వరసగా కలిపేస్తే చాలన్నమాట. నాది ఇది కాదులెండి!

ఇంతవరకూ నవ్వుతాలుకే. మా వీధిలో ఒకావిడ భర్త హఠాత్తుగా పోయారు. డిపాజిట్లు, బీమా, అన్నీ ఆయన ఫోనులోనే. ఆ ఫోను తెరవడం ఆవిడకి తెలీదు. ఏ బ్యాంకులో ఏముందో తెలుసుకోవడానికే నెలలు పట్టింది.

ఆ రాత్రి మావారిని అడిగాను, "మన డబ్బు ఎక్కడెక్కడుందండీ?" అని.

"ఏం, నేను పోతాననా?" అన్నారు. రెండ్రోజులు ముభావంగా ఉన్నారు. మూడోనాడు ఆయనే ఓ నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. బ్యాంకులు, పాలసీ నంబర్లు, నామినీ పేర్లు అన్నీ రాసుకున్నాం. పాస్‌వర్డులు అందులో రాయలేదు. అవి లేకపోయినా, ఎక్కడికి వెళ్లి అడగాలో తెలిస్తే నామినీ కాగితాల మీదే పని మొదలవుతుంది.

రాస్తుంటే బయటపడింది. పెళ్లికి ముందు తీసుకున్న పాలసీలో నామినీ ఇప్పటికీ మా అత్తగారే. ఆవిడ పోయి ఆరేళ్లయింది.

సోమవారం సెలవుపెట్టి వెళ్లి మార్పించుకొచ్చారు. పుస్తకం ఎక్కడ దాచామంటారా? పోపులపెట్టెలో మాత్రం లేదు.